చెరువులోని బాతు, చట్టిలోని బాతు

రాజపాళయమునకును కోవిల్పట్టికిని నడుమనున్న ఆలంగుళము చుట్టుపట్ల నేల నల్లరేగడి. ఏడాదిలో ముప్పాతిక భాగము నెఱ్ఱెలు విచ్చి, ప్రత్తికిని సజ్జకును తప్ప మఱి దేనికిని లొంగక యుండు ఆ నేల, ఐప్పసి కార్తిక మాసములలో ఈశాన్యపు వానలు దిగగానే బంకయై కాళ్లనుండి చెప్పులను ఊడబెఱుకును. వాగులు పాఱి, ఆ ప్రాంతపు తెలుగువారు కమ్మాయిలని పిలుచు చెరువులు నిండును. నిండిన కొలది దినములకే, నిన్నటివరకు మేకలు మేసిన చోట, నల్లతుమ్మల మొదళ్లు మునిగిన నీటిలో, ఉత్తరదేశపు బాతులు బారులు తీర్చి దిగును. విజయనగర రాజుల కాలమునను మధుర నాయకుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చి ఇచ్చట నిలిచిపోయిన కమ్మవారును, రెడ్లును, కంబళత్తువారును, రాజపాళయపు రాజులును, ఇంట తెలుగును వీథిలో తమిళమును మాటలాడుకొనుచు, ఈ బాతుల రాకపోకలను తరతరములుగా చూచుచున్నవారే.

అట్టి యింట నొకనాడు జరిగిన సంవాదమిది. మామగారు ఎనుబది దాటిన రైతు; ఆయన తుపాకి ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఠాణాకు పోవుటయు, ఎన్నికలు ముగియగనే తిరిగివచ్చి నూనె రాపించుకొని గోడకెక్కుటయు తప్ప దశాబ్దములుగా మఱియొక పని యెఱుగదు. అల్లుడు మేనల్లుడే, మేనరికము చేసికొని అల్లుడైనవాడు, కోవిల్పట్టిలో జంతుశాస్త్రము బోధించును. కోత ముగిసిన మళ్లలో బాతుల మందలను మేపుకొనుచు ఊరూర తిరుగు కాపరులయొద్ద ఒక పెంపుడు బాతును కొని అతడు తెచ్చెను. లోపల అత్తగారు మసాలా నూఱుచుండగా వెలుపలి తిన్నెమీద మాట ఆరంభమయ్యెను. వంట విషయమున నేను మామగారి పక్షమును, తక్కిన సమస్త విషయములందును అల్లుని పక్షమును వహించినవాడను. పాఠకులెట్లును కనిపెట్టుదురు గనుక ముందే చెప్పుచున్నాను.

మామ: అల్లుడా, నీవు తెచ్చినది బాతే, కాదనను. కాని రాలిన వడ్లు తిని, కఱ్ఱ చూపిన వైపునకు నడచి, ఎగురుట యెన్నడును ఎఱుగని ఈ పక్షికి ఱొమ్మున మాంసమెక్కడిది? చర్మము క్రింద వ్రేలెడు మందపు క్రొవ్వు మాత్రముండును. చట్టిలో వేయగనే సగము కరగి నూనెలో కలియును. చెరువు బాతు అట్లు కాదు. మంచుకొండలు దాటి వచ్చిన ఱెక్కల బలమంతయు దాని ఱొమ్ములో నుండును. ఆ మాంసము మేకకాలేయమువలె ఎఱ్ఱన. దానిని వండుట యొక విద్య. ఆ విద్యను మీరు చట్టముచేత చంపితిరి.

అల్లుడు: చట్టము నేను చేసినది కాదు మామా, చేసియున్నచో మఱికొంత ముందే చేసియుందును. 1912లో దొరలు చేసిన చట్టముననే బాతుల పేరున్నది. ఆ చట్టము వేటకు కాలనియమము మాత్రము పెట్టినది. 1972 చట్టము చిన్నవేటకు లైసెన్సను పేర ఒక కిటికీ తెఱచి యుంచినది. 1991లో ఆ కిటికీయు మూయబడినది. ఇప్పుడు అడవిబాతును కొట్టుట నేరము. కొట్టినదానిని కొని వండుటయు నేరమే. మీరు విచారించుచున్నది రుచిని గూర్చియా, హక్కును గూర్చియా?

మామ: రెంటిని గూర్చియు కాదు. తెలివిని గూర్చి. నేడు ఈ ఊరి కుఱ్ఱవానిని కట్టమీద నిలిపి అడుగుము: నీటిపై కనబడు ప్రతిదియు వానికి బాతే. మా తండ్రిగారు నాకు తుపాకి ముట్టనిచ్చుటకు ముందు చేతికిచ్చినది ఈకలు పీకవలసిన పక్షిని. చుక్కమూతి దేదో, సూదితోక దేదో, కంటిపై తెల్లగీత గల చిన్నబాతు దేదో, తెడ్డుమూతి దేదో, ఎగురుచుండగా ఱెక్క చప్పుడునుబట్టి చెప్పగలిగిన తరువాతనే తుపాకి. తెడ్డుమూతి మురుగునీరు జల్లించి తినును. దాని మాంసము బురదకంపు. ఈలవేయు చిలువ నీచుకంపు. పైగా ఆలుమగలు విడువక తిరుగునవి, వానిని కొట్టరాదనెడివారు. వరిచేలలో గింజ తిను చుక్కమూతియు సూదితోకయు మాత్రమే చట్టికి తగినవి. నాలుకకు తెలిసినవాడు కంటితో ఎంచుకొనును; ఎంచుకొనువాడు ఊరక కాల్చడు.

అల్లుడు: మీరు ఎంచుకొంటిరని ఒప్పుకొందును. కాని ఒక సంగతి. ఉత్తరదేశమున చుక్కమూతి బాతు వర్షాకాలమున గ్రుడ్లు పెట్టును. మన దక్షిణమున చెరువులు నిండు కార్తిక మార్గశిరములలో పెట్టును. మీరు కట్టమీదికి తుపాకితో పోవు కాలమే దాని ప్రసవకాలము. వరిచేల బలిసిన చుక్కమూతి యని మీరు ఎంచి కొట్టినప్పుడు, తుంగలో ఎన్ని గ్రుడ్లు చల్లబడెనో చట్టికి తెలియునా?

మామ: జంటగా ఒకేచోటికి మాటిమాటికి దిగు పక్షిని మేము కొట్టలేదు.

అల్లుడు: మీరు కొట్టలేదు. మీ ప్రక్క ఊరివారు?

మామ: (కొంచెము తడవు ఊరకుండి) ప్రక్క ఊరివారి సంగతి ప్రక్క ఊరివారినే అడుగుము. నాకు తెలిసినది చెప్పుదును వినుము. ఆ కాలమున వేటయన్నచో ఊరిలో ఒకరిద్దఱికే తుపాకి. అదియు మందు కూరి కఱ్ఱతో దట్టించు నాటు తుపాకి. ఈ పరిసరములలో శివకాశి యుండగా గంధకమునకును సురేకారమునకును కొదవ లేదు. కాని కొదవ లేనంత మాత్రమున చేతికి వచ్చినంత కూరినవాడు చేయి పోగొట్టుకొనును. కొలతగిన్నె లేనిదే మందు పోయరాదు. దట్టించునప్పుడు గొట్టపు మూతి ముఖమునకు ఎదురుగా నుండరాదు. పేలకున్నచో వెంటనే తిప్పి చూడరాదు. మూతిని నీటివైపునకే పట్టి నూఱు లెక్కించవలెను. నిండిన తుపాకితో నీటిలో దిగరాదు. ఏలయన ఈ రేగడి బురదలో కాలు కూరుకొనిపోయినప్పుడు మనిషి మొట్టమొదట ఊతగా పట్టుకొనునది చేతిలోని తుపాకినే. నీటిపై కూర్చున్న బాతును కొట్టరాదు. సీసపు రవ్వ నీటికి తగిలి ఎగిరి, ఆవలి గట్టున పశువులు కాయు పిల్లవానికి తగులును. బాతు తలకన్న ఎత్తునకు లేచి, వెనుక ఆకాశము తప్ప మఱేమియు లేనప్పుడే వ్రేలు ఆడవలెను. మంచులో అసలే ఆడరాదు. పడినదానిని తెచ్చిన తరువాతనే రెండవది. కొన ఊపిరితో తుంగలో దూరిన పక్షిని వెదకక విడిచి మఱియొకదానికి గుఱిపెట్టినవానిని మా తండ్రిగారు ఆ ఏడు మరల వెంట తీసికొనిపోలేదు.

అల్లుడు: ఇందులో ఒక్క నియమమును కాదనను. ఇవి మనిషి మనిషిని కాపాడుకొను నియమములు. కడపటిది మాత్రము పక్షికిని కొంత ఉపకరించును. కాని వేట క్షేమముగా జరిగినదనుటకు మనుష్యులలో ఎవ్వరును గాయపడకుండుట చాలునా? 1938 నవంబరులో భరత్‌పురమున రాజప్రతినిధి లిన్లిత్‌గో ప్రభువు పరివారము ఒక్క దినమున 4,273 పక్షులను కొట్టెను. ఆ లెక్కను అచ్చట రాతిపై చెక్కించిరి. వారి తుపాకులు మేలైనవి, పరిచారకులు సుశిక్షితులు, మీ నియమములన్నియు అచ్చట నడిచియే యుండవచ్చును. ఆ వేటను క్షేమమైనదందురా?

మామ: దానిని వేట యనను. ఆ నాలుగువేల పక్షుల ఈకలు పీకినదెవరు? ప్రభువా? కొట్టినవాడే పీకవలసియున్నచో నలుబది ఐనను కాకమునుపే వాని చేతులు నిలిచిపోవును. బాతు ఈక కోడి ఈక కాదు అల్లుడా. పై ఈకల క్రింద మెత్తని నూగు. వేడినీరు పోసినచో ముద్దకట్టి ఊడదు. పొడిగానే, వెచ్చదనము చల్లారకముందే, చర్మము చిరుగకుండ కొద్దికొద్దిగ లాగవలెను. ఒక బాతునకు గంట పట్టును. ఆ గంటయే నా లైసెన్సు. ఇంట ఇద్దఱు కూర్చుండి చీకటిపడులోగా పీకి ముగింపగలిగినన్నియే కొట్టెడివారము.

అల్లుడు: ఈ మాట బాగున్నది, నాకును నచ్చినది. కాని కొట్టినవాడొకడు, పీకువాడొకడు, తినువాడొకడు ఐన తావున ఇది ఏమగును? కొల్లేటిలో పరజలను వలలు పన్ని పట్టి సంతకు తెచ్చెడివారు. పీకినది కూలికి, తిన్నది పట్టణమున డబ్బుగలవాడు. వాని చేతికి నూగంటలేదు. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిన పిదప కూడ దొంగచాటు వేట మానలేదు. మీ నియమము ఒక ఇంటికి చాలును మామా, సంతకు చాలదు. సంతకు చట్టమే కావలెను.

మామ: సంతను నేను సమర్థింపను. అమ్ముకొను బాతు రుచియు చెడినదే. కడుపు విప్పకుండ ఎండలో వ్రేలాడదీయుదురు. ప్రేగులలోని పసరు మాంసమునకెక్కును. అసలు వంట చెరువు గట్టుననే ఆరంభము కావలెను. రవ్వ కడుపులో దిగినదేమో చూచి, దిగియున్నచో అప్పటికప్పుడే ప్రేగులు తీసి, గడ్డితో తుడిచి, గాలి తగులునట్లు నీడలో కట్టవలెను. కదలలేక తల వ్రేలవేసిన పక్షి, ఎగురక చేతికి చిక్కిన పక్షి, అప్పనముగా దొరకినదని ఇంటికి తేరాదు. దాని రోగము దానిది. ఇంటికి వచ్చిన తరువాత నూగు మిగిలినదానిని వరిగడ్డి మంటపై ఒక్కసారి త్రిప్పి, పసుపు రాచి, తోకమొదట రెండు గింజలవలె నుండు నూనెతిత్తిని చుట్టు మాంసముతో కూడ కోసి పాఱవేయవలెను. దానిని మఱచినచో తక్కిన మసాలా యంతయు వ్యర్థము. కూరంతయు ఆ నూనెకంపే. రవ్వ పోయిన దారి నల్లగా కమిలియుండును; ఆ దారివెంట వ్రేలు పోనిచ్చి రవ్వను, దానితో లోనికి పోయిన ఈకముక్కను, కమిలిన మాంసమును తీసివేయవలెను. పిమ్మట బియ్యపు కడుగునీటిలో కొంతసేపు.

అల్లుడు: అత్తగారు నేడు నూనెతిత్తి తీసిరా?

మామ: నీవడుగుట చూడుము! మీ అత్త దానిని తీయక చట్టి యెక్కించునా? వినుము. మట్టిచట్టిలో నువ్వులనూనె, పెంపుడు బాతునకైనచో నూనె ఏల, దాని క్రొవ్వే చాలును, చెరువు బాతునకు మాత్రము ధారాళముగా పోయవలెను, ఏలయన దానికి స్వంతమైన క్రొవ్వు తక్కువ. కరివేపాకు, సోంపు, రాతిపువ్వు. చిన్నుల్లిగడ్డలు కోయరాదు, నలుగగొట్టవలెను. ఎండుమిరపకాయ, ధనియాలు, జీలకఱ్ఱ, మిరియాలు వేయించి సన్నికల్లుమీద వెన్నవలె నూఱవలెను. యంత్రములో త్రిప్పిన పొడి బాతుమాంసమును పట్టదు, పులుసులో తేలును. మిరియము సగము ఇప్పుడు, సగము దించునప్పుడు. ముక్కలు నూనెలో ఎఱ్ఱబడిన తరువాత నీరు పోసి, సన్నని సెగను, మూతమీద నీరు నిలిపి, కాలికీలు తనంత తానుగా ఊడువఱకు. ముదురు పక్షికి రెండుగంటలు. కడపట కొంచెము చింతపండు పులుసు, గోరంత తాటిబెల్లము. మఱునాటి ఉదయము సజ్జ సంకటితో తినవలెను. విరుదునగరపు నూనె పరోటాతో తినువారును కలరు. అది నా మతము కాదు.

అల్లుడు: పడమటిదేశమున బాతుఱొమ్మును లోపల నెత్తురు చాయ యుండగనే దించి తినుట నాగరికమని యెంచుదురు. ఆ పద్ధతికన్న మీ రెండుగంటల సెగయే శాస్త్రసమ్మతము. మాంసపు నడిభాగమున వేడి 74 డిగ్రీలు చేరిన యెడల బాతుజ్వరపు క్రిమి నిలువదు. మీ చట్టిలో పులుసు తెర్లునప్పుడు వేడి అంతకు మించియే యుండును. ప్రమాదము తినువానికి కాదు, పచ్చిపక్షిని పీకి శుభ్రము చేయువానికి. మీరు లైసెన్సన్న ఆ గంటయే.

మామ: బాతుజ్వరమన్న మాట నీ నోటనే వచ్చినది, సంతోషము. 2014లో కేరళమున ఆలప్పుళ, కోట్టయము ప్రాంతములలో వేలకొలది బాతులను చంపి పూడ్చిరని పత్రికలలో చదివితిని. అవి చెరువు బాతులా, మందబాతులా?

అల్లుడు: మందబాతులే.

మామ: మఱి ఏ బాతు అపాయకరము? ఆకాశమున పోవునదియా, నీవు బస్సులో బుట్టలో పెట్టి తెచ్చినదియా?

అల్లుడు: (నవ్వి) రెండును ఒకే నీరు త్రాగును మామా. అడవిపక్షి ఆ క్రిమిని రోగము లేకయే మోయగలదు. మందలో పడినప్పుడు అది దావానలమగును. అందుచేత రెంటిని పీకునప్పుడును నోటికి ముక్కుకు గుడ్డ, చేతులకు సబ్బు, పచ్చిమాంసము కోసిన కత్తికిని పీటకును వేఱుగా కడుగుడు. ఈ భాగమున మనకు వివాదము లేదు. నాకు వివాదమున్నది సీసముతో. మీరు రవ్వను తీసివేయుదుమంటిరి. మాంసములో చిట్లిన సీసపు నలుసు కంటికి కనబడదు, వ్రేలికి తగులదు. అది చట్టిలోని చింతపండు పులుపులో ఉడికి పిల్లల విస్తరిలోనికి వచ్చును. అంతకన్న విచారింపదగినది మఱొకటి. గుఱి తప్పిన తూటాలోని రవ్వలన్నియు ఎక్కడికి పోవును?

మామ: చెరువులోనికి.

అల్లుడు: బాతు గింజను అఱిగించుకొనుటకు గులకరాళ్లు మ్రింగును. అడుగున పడిన రవ్వ దానికి గులకరాయియే. కందనకాయలో అది అఱుగుచు నెత్తురులో కలిసి, పక్షి నెలలోగా ఎండి చచ్చును; చచ్చినదానిని గ్రద్ద తినును. ఈ కారణముచేత అమెరికావారు 1991 నుండి నీటిపక్షుల వేటలో సీసమును దేశమంతట నిషేధించిరి. ఐరోపావారు 2023 నుండి చిత్తడినేలలలో నిషేధించిరి. వేటను మానని దేశములే సీసమును మానినవి. మీ తండ్రిగారి నియమములన్నియు తూటా గుఱిని తాకినప్పటివి. తాకని తూటాకు మీ యింట నియమమేదియు లేదు.

ఇచ్చట సన్నికల్లు చప్పుడు ఆగెను. అత్తగారు తలుపుదగ్గఱకు వచ్చి, కొంగుతో చేయి తుడుచుకొనుచు, ఆ మాట నిజమే యనిరి. కందనకాయ కోసి లోపలి పసుపుపొర ఒలుచునప్పుడు, గులకరాళ్లలో పల్చబడి బిళ్లయైన సీసపు ముక్క అప్పుడప్పుడు కనబడెడిదట. పక్షి ఒంటిమీద ఆ వైపున గాయమే యుండెడిది కాదట. లోపలికి ఎట్లు పోయెనని తాము అబ్బురపడి, చెప్పినచో కందనకాయ మీద ప్రీతిగల భర్త తినడని, పాఱవేసి ఊరకుంటిరట. ఇంతమాత్రము చెప్పి ఆమె లోనికి పోయెను. మామగారు తిన్నెమీద కాలు మార్చి కూర్చుండిరి. తుపాకిని గూర్చియు వంటను గూర్చియు ఇన్ని పొత్తములు వెలసినను, పక్షి కడుపు తన చేత్తో విప్పినవారిని అడిగి వ్రాసినవి ఎన్ని యుండునో నేనెఱుగను.

మామ: సరే. ఉక్కురవ్వలతో కొట్టవచ్చును గదా?

అల్లుడు: కొట్టవచ్చును, కొట్టు అనుమతి యున్న దేశమున. మన చెరువులు ఆ దేశపు చెరువులు కావు మామా. ఎన్ని కమ్మాయిలు పూడిపోయినవో, ఎన్నింటిలో సీమతుమ్మ అల్లుకొన్నదో మీకే తెలియును. నీరు నిలుచు చోట్లు తగ్గినకొలది, ఉన్న పక్షులన్నియు మిగిలిన చోటికే చేరును. అప్పుడు గుఱి తప్పదు.

మామ: ఊళ్లే కాపాడుకొనవలెను గాని కాగితము కాపాడదు. వేడంతాంగలమువారు 1798లోనే, సిపాయిలు తమ చెరువు పక్షులను కాల్చుచున్నారని కలెక్టరుతో మొఱపెట్టుకొని కౌలు వ్రాయించుకొనిరని నీవే చెప్పితివి.

అల్లుడు: చెప్పితిని. శివగంగ జిల్లాలో వేట్టంగుడి చెరువులకు ఆనుకొనియున్న కొల్లుకుడిపట్టివారు, గూళ్లలోని పక్షులు బెదరునని దీపావళికి టపాకాయలు కాల్చరు. మన శివకాశి సరకు అమ్ముడుపోని పల్లె అది యొక్కటే యేమో! కూంతన్‌కుళములో ఇండ్ల ముంగిటి చెట్లమీదనే కొంగలు గూళ్లు కట్టును. మంచుకొండలు దాటివచ్చు తలచాఱల బాతులు ఆ చెరువులో దిగును. 1994లో దానిని ప్రభుత్వము అభయారణ్యమని ప్రకటించుటకు మునుపే ఊరివారు కాచిరి.

మామ: వారిది ధర్మము మాత్రమే కాదు. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలమునకు ఎరువు.

అల్లుడు: ఔను, లాభమును ఉన్నది. మీకు చట్టిలో లభించినది వారికి మడిలో లభించుచున్నది. లాభము లేని ధర్మమును నేను ఎవ్వరికిని బోధింపను. కళాశాలలో జీతము పుచ్చుకొనియే పాఠము చెప్పుచున్నాను.

మామ: ఐనచో నేను నేర్చినదంతయు ఏమి కావలెను? నీ కొడుకు పక్షిని ఎఱుగడు, పీకుట ఎఱుగడు, కోయుట ఎఱుగడు. పొట్లములో వచ్చిన ముక్కను మాంసమని తినుచున్నాడు. అది అహింస యని నీ భావమా?

అల్లుడు: కాదు. ఆ విషయమున మీ పక్షమే సరి. అందుచేతనే ప్రాణముతో నున్న బాతును తెచ్చితిని, పొట్లము తేలేదు. వచ్చు సెలవులకు వానిని ఇచ్చట దింపుదును. మందబాతు మీదనే పీకుటయు, నూనెతిత్తి తీయుటయు, కడుపు విప్పుటయు నేర్పుడు. సాయంకాలము కట్టమీదికి తీసికొనిపోయి ఱెక్క చప్పుడునుబట్టి పేరు చెప్పించుడు. కనులు చాలనిచో దూరదర్శిని నేను కొనిపెట్టెదను.

మామ: ఱెక్క చప్పుడునకు దూరదర్శిని ఏల? నా చెవులు బాగుగనే యున్నవి. (కొంతసేపటికి) ఆ గోడమీది తుపాకికి లైసెన్సు గడువు తీరవచ్చుచున్నది. నా కొడుకు వలదన్నాడు. నీ పేరిట వ్రాయించుకొందువా?

అల్లుడు: తుపాకి నాకేల మామా? ఇచ్చుటకు మనసున్నచో ఆ సన్నికల్లు ఇప్పించుడు.

మామ: సన్నికల్లు మీ అత్తది. దానిపై నా లైసెన్సు చెల్లదు. లోపలికి పోయి నీవే అడుగుకొనుము.